పెద్దక్కను చంపినవాడు

జీవితంలో నేను చాలామందిని చూసి ఏడ్చాను. నాకంటే ముందు చుట్టీ, అదే సెలవు, దొరికి ఊరికి పోయినవాణ్ణి చూసి ఏడ్చాను. నా తరువాత వచ్చి ఫోర్‌మన్ అయినవాణ్ణి చూసి ఏడ్చాను. అవన్నీ నాలుగు రోజుల ఏడుపులు, ఖుబ్బూస్ రొట్టె తిని నీళ్ళు తాగితే అరిగిపోయేవి. ఒక్క మనిషి మీద పుట్టిన కుళ్ళు మాత్రం ఇన్నేళ్ళయినా అరగలేదు. అతను నాకు ఏ అన్యాయమూ చేయలేదు. నాకన్నా బాగా కథ చెప్పాడు, అంతే. అది చాలదా?

అప్పుడు నేను సౌదీలో, అల్ ఖోబర్‌లో ఎలక్ట్రీషియన్ని. అజీజియా వైపు ఇంగ్లీషు కుటుంబాలు ఉండే ఒక కాంపౌండు ఉండేది. చుట్టూ ఎత్తైన గోడ, లోపల విల్లాలు, ఈతకొలను, ఎడారిలో పచ్చగడ్డి. పగలంతా అక్కడ పని, సాయంత్రం కంపెనీ బస్సెక్కి మా క్యాంపుకు. క్యాంపులో ఎక్కువమందిమి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళం. సిరిసిల్లలో మగ్గం కూడు పెట్టక వచ్చినవాళ్ళు కొందరు, బోరు ఎండిపోయి వచ్చినవాళ్ళు మరికొందరు.

కువైట్ యుద్ధానికి ముందు ఆ ఇంగ్లీషువాళ్ళు విల్లాలకు తాళాలు వేసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. పాస్‌పోర్టులు మమ్మల్ని పిలిపించుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్ దగ్గర ఉంటే ఎక్కడికని పోతాం? కిటికీలకు అంటించుకోమని టేపు చుట్టలు ఇచ్చారు, అంటించుకున్నాం. సైరన్ మోగితే మంచాల కింద దూరాం. ఆ రోజుల్లో కూడా నేను కాంపౌండుకు వెళ్ళి ఖాళీ విల్లాల ముందు మొక్కలకు నీళ్ళు పోసేవాణ్ణి. యుద్ధం అయిపోయాక కువైట్‌లో కాలుతున్న నూనె బావుల పొగ మా దాకా వచ్చింది. ఏసీ ఫిల్టర్ విప్పితే చేతులు మోచేతుల దాకా నల్లబడేవి. ఆ మసి నేను కడుగుతూ ఉండగానే వాళ్ళు తిరిగి వచ్చారు, పిల్లలతో, కుక్కలతో, వీడియో క్యాసెట్లతో. సంతోషించానంటే అబద్ధం. క్యాసెట్లు చూసి మాత్రం సంతోషించాను.

ఎందుకంటే వాటిని వేసే పని నాది. గార్డు గది వెనక చిన్న గదిలో ఒక వీడియో మిషను ఉండేది. అక్కణ్ణుంచి ప్రతి విల్లాకూ వైరు. ఇక్కడ క్యాసెట్ పెడితే అన్ని ఇళ్ళ టీవీల్లోనూ బొమ్మ పడుతుంది. వైర్లతో పని కాబట్టి ఎలక్ట్రీషియన్ నెత్తిన పడింది. మూల విల్లాలో ఉండే మేడమ్‌కు లండన్‌లో ఒక చెల్లెలు. అక్కడ టీవీలో వారం వారం వచ్చే ఒక సీరియల్‌ను ఆ చెల్లెలు రికార్డు చేసి పోస్టులో పంపేది. క్యాసెట్లు ఆలస్యంగా వచ్చేవి గానీ వచ్చేవి. బుధవారం సాయంత్రం ఒక భాగం వేయాలి, గురువారం పొద్దున మళ్ళీ అదే వేయాలి. అంటే నేను రెండుసార్లు చూసేవాణ్ణి.

వందేళ్ళ కిందటి ఇంగ్లండు కథ అది. చలి ఊరు, పెద్ద బట్టల మిల్లు. మిల్లు యజమాని చనిపోతాడు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మిల్లు నడుపుతానంటుంది, చిన్నది అమ్మేసి తన వాటా ఇమ్మంటుంది. మధ్యలో ఒక మేనేజరు, ఆమె దగ్గర ఆమె మాట, ఈమె దగ్గర ఈమె మాట మాట్లాడేవాడు. మిల్లు వెనక పనివాళ్ళ ఇళ్ళ వరుసలు. నా ఇంగ్లీషు ఫ్యూజు, స్విచ్చు, 'మేడమ్ ఫినిష్' దగ్గరే ఆగేది. అయితేనేం, అక్కచెల్లెళ్ళ ఆస్తి తగాదా అర్థం కావడానికి ఇంగ్లీషు ఎందుకు?

ఆ మేడమ్‌లకు ఆ సీరియల్ పిచ్చి ఎంతగా పట్టిందో నేను కళ్ళారా చూశాను. చిన్నది పెద్దదాని చెంప మీద కొట్టిన రోజున టేపు కాస్త నలిగి బొమ్మ ఆగింది. గార్డు గది ఫోను ఊపిరి తీసుకోకుండా మోగింది. ఒక మేడమ్ తడి తలకు తువ్వాలు చుట్టుకునే పరుగెత్తుకొచ్చింది. క్షిపణి పడినా అంత హడావిడి పడేవాళ్ళు కారు.

శుక్రవారం మాకు సెలవు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా గదిలో నేను ఆ కథ చెప్పేవాణ్ణి. మొదట ఊరికే పొద్దుపోక నా గదివాళ్ళకు చెప్పాను. రెండు మూడు వారాలకు పై మంచాలు, కింద మంచాలు, గుమ్మం అన్నీ నిండిపోయాయి. ఆ ఇంగ్లీషు పేర్లు మా నోళ్ళకు తిరగలేదు. పెద్దక్క, చిన్నక్క, మేనేజరు అని పెట్టుకున్నాం.

మొట్టమొదట వచ్చిన ప్రశ్న, ఆ మిల్లులో పనివాళ్ళకు అకామా, అంటే అక్కడ ఉండి పని చేసుకునే అనుమతి కాగితం, ఎవరు చేస్తారని. పెద్దక్కే చేస్తుందన్నాను. ఇంకేముంది, ఆ క్షణం నుంచి పెద్దక్క వాళ్ళకు కఫీల్ అయిపోయింది. పాస్‌పోర్టులు ఆమె దగ్గరే ఉంటాయా, మేనేజరు దగ్గరా? చుట్టీ అడిగితే ఇస్తుందా? సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. మగ్గం మీద నుంచి లేచి నేరుగా విమానం ఎక్కినవాడు. అతనికి కండెలు ఎవరు చుడతారో, నూలు తెగితే కూలి కోస్తారో కోయరో చెప్పాలి. నాకు తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియనిది కల్పించేవాణ్ణి.

ఒక వారం కథలో, పనివాళ్ళ వరుసలో ఒక పిల్లకు జ్వరం వస్తుంది. పెద్దక్క తానే గొడుగు వేసుకుని బురదలో నడిచి వెళ్ళి, ఆ పిల్ల మంచం పట్టె మీద కూర్చుంటుంది. అంతే, ఇంకేమీ లేదు. మాలో చాలామంది తమ కఫీల్ ముఖమే చూడలేదు. ఆ వారమంతా క్యాంపులో అదే మాట, కఫీల్ మంచం పట్టె మీద కూర్చుందట.

పెళ్ళికాని కుర్రవాళ్ళు కొందరు చిన్నక్క పార్టీ అయ్యారు. ఆడపిల్ల వాటా అడిగితే తప్పేమిటని వాళ్ళ వాదం. పెద్దక్క పార్టీవాళ్ళు వంట వంతు వచ్చినప్పుడు వాళ్ళ పప్పులో ఉప్పు ఎక్కువ వేశారు. మేనేజరు ఒక నేతగత్తెను పనిలోంచి గెంటేసిన వారం సిరిసిల్ల పెద్దమనిషి సాయంత్రం అన్నం ముట్టలేదు. ఇదంతా నా నోటి నుంచి వచ్చిన మాటల వల్ల జరుగుతోందని తలుచుకుంటే నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

కానీ నాకు అసలైన గర్వం క్యాంపులో కాదు, ఊళ్ళో. అప్పట్లో మాలో ఉత్తరాలు రాసేవాళ్ళు తక్కువ. టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఆ క్యాసెట్‌ను చుట్టీ మీద పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్ళం. ఇంటిదగ్గరివాళ్ళు అది విని, తమ మాటలు ఇంకో క్యాసెట్‌లో నింపి వచ్చేవాడి చేతికి ఇచ్చేవాళ్ళు. అయితే బాగున్నావా, బాగున్నాను, జాగ్రత్త అన్నాక క్యాసెట్ ఇంకా బోలెడు మిగిలేది. అంత టేపు ఖాళీగా పంపడానికి మనసొప్పక నేను పెద్దక్క కథ నింపడం మొదలుపెట్టాను.

మా ఆవిడ అది ఒక్కతే వినలేదు. మా వీధిలో ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. మధ్యాహ్నం పూట చాటలు పట్టుకుని మా వాకిట్లో చేరి, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ నా కథ వినేవాళ్ళట. జాగా చాలడం లేదని మా ఆవిడ తన క్యాసెట్‌లో చెప్పింది, నవ్వుతూ చెప్పింది. పెళ్ళయ్యాక ఆమె దగ్గర నేను ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. నేను లేని ఇంట్లో నా గొంతు తిరుగుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె నా కోసం వాకిలి ఊడ్చి చాప పరుస్తోంది. ఇంతకన్నా మగవాడికి ఏం కావాలి?

సరిగ్గా అప్పుడే వచ్చాడు, కడప భాయ్.

కడప జిల్లా ముస్లిం. కాంపౌండులో మేడమ్‌లను బజారుకు, ఆసుపత్రికి తిప్పే వ్యాను డ్రైవరు. ఆ దేశంలో ఆడవాళ్ళు కారు నడపకూడదు కాబట్టి వాళ్ళ కాళ్ళు ఇతనే. ఎక్కడో బయట గదిలో ఉండేవాడు, కంపెనీ మా క్యాంపుకు మార్చింది, మా పక్క గదిలో వేసింది. మంచివాడు. ముందే చెప్పేస్తున్నాను, చాలా మంచివాడు. వచ్చిన వారంలోనే అందరికీ కావలసినవాడయ్యాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అతని నోరు అలాంటిది. అదే నా కొంప ముంచింది.

ఒక శుక్రవారం నేను కథ ఆపి, వచ్చే వారం పెద్దక్క ఏం చేస్తుందో ఏమో అని నిట్టూర్చాను. అది నా అలవాటు. వారమంతా వాళ్ళు కొట్టుమిట్టాడాలి కదా. గుమ్మంలో నిలబడ్డ భాయ్ మెల్లగా నోరు విప్పాడు.

"పెద్దక్క మిల్లుకు తాళమేస్తాది సూడండన్నా. మేనేజరు దొంగ లెక్కలు బయటపడ్తాయి."

తరువాతి వారం అచ్చం అలాగే జరిగింది. విషయం ఏమిటంటే, మూల విల్లా మేడమ్‌కు లండన్ నుంచి చెల్లెలు ఫోనులో కథ ముందే చెప్పేసేది. ఆ మేడమ్ వ్యానులో తోటి మేడమ్‌లకు చెప్పేది. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న భాయ్ అన్నీ వినేవాడు. అతని ఇంగ్లీషు నాకన్నా మెరుగు. నా దగ్గర ఉన్నది ఈ వారం కథ, అతని దగ్గర ఉన్నది వచ్చే వారం కథ. ఇంక నా కథ ఎవడికి కావాలి? వడ్డించిన విస్తరి ముందు కూర్చుని పొయ్యి మీది కూర కోసం ఎదురుచూసేవాడు ఉంటాడా?

అదొక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి. అతను చెప్పే తీరు వేరు. నేను గబగబా చెబుతాను. ఎవడైనా మధ్యలో అడ్డం పడతాడని భయం. అతను తొందరపడడు. పెద్దక్క మెట్లు దిగుతోందంటే ఒక్కొక్క మెట్టూ దింపుతాడు. మేనేజరు మాటలకు ఒక గొంతు, చిన్నక్క మాటలకు ఇంకో గొంతు. ఆ కడప యాస మావాళ్ళకు కొత్తగా, కమ్మగా ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో ఒక్కొక్కడే లేచి, దాహమనీ, పొగాకనీ సాకు చెప్పి పక్క గదిలోకి జారుకునేవాడు. చివరికి మా గదిలో నేనూ, నిద్రపోతున్న మనిషి ఒకడూ మిగిలాం.

పైగా పక్క గది ఏసీ అంతకుముందు వారమే నేను బాగుచేశాను. మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా, చెమటలు కక్కుతూ, నా సొంత పానాలతో. నేను చల్లబరిచిన గదిలో కూర్చుని నా మనుషులు అతని కథ విన్నారు. గోడకు ఇవతల పడుకుని ఆ నవ్వులు వినేవాణ్ణి. క్యాసెట్ వేసేది నేను, బొమ్మ చూసేది నేను. మేడమ్‌ల ముందు సీట్లో కూర్చుని చెవులు రిక్కించినవాడు కథకుడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే కదా.

అతను ఎదురుపడితే ప్రేమగా పలకరించేవాడు. ఆ రోజు చూసినదాంట్లో పెద్దక్క ఏ రంగు గౌను వేసుకుందని అడిగేవాడు. మేడమ్‌లు అది చెప్పుకోరట. నేను బూడిద రంగు అని చెబితే, శుక్రవారం ఆ బూడిద రంగును అతను ఎలా చెప్పాడంటే, మంచులో పావురం వాలినట్టుందన్నాడు. బూడిద రంగు నాది, పావురం అతనిది. అందరూ పావురాన్ని మెచ్చుకున్నారు.

అయినా నాకు ఒక ధైర్యం ఉండేది. క్యాంపు పోతే పోయింది, మా వాకిలి నాది. అక్కడ నా గొంతు తప్ప ఇంకొకటి లేదు.

మా వీధివాడే ఒకడు భాయ్ గదిలో ఉండేవాడు. వాడు తన భార్య కోసం భాయ్ చేత క్యాసెట్‌లో కథ చెప్పించి పంపాడని నాకు తెలియదు. మా ఆవిడ క్యాసెట్ వచ్చాకే తెలిసింది. దూడ సంగతి, బిడ్డ బడి సంగతి అయ్యాక, ఆమె గొంతులో ఒక హుషారు వచ్చింది.

"గీసారి పక్కింటోళ్ళ క్యాసెట్ల ఎవరో కడపాయిన కథ జెప్పిండు. ఏం జెప్పిండయ్యా. ఇనుకుంట ఇనుకుంట ఆకు కత్తిరిచ్చుడే మర్శినం. నువ్వు గూడ గట్ల నిమ్మళంగ చెప్పరాదు?"

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. పొరపాటుగా విన్నానేమోనని కాదు. ఆ హుషారు నా కథ గురించి చెప్పినప్పుడు ఉందా లేదా అని పోల్చుకోవడానికి. పాత క్యాసెట్లు తీసి వాటినీ విన్నాను. అప్పుడు నవ్వింది, నిజమే. ఈ హుషారు మాత్రం లేదు. సముద్రానికి అవతల ఉన్న నా భార్య, ముఖం కూడా చూడని ఒక మగవాడి గొంతు విని చేతిలో పని మరిచిపోయింది. ఆ మాట నాతోనే చెప్పింది. దాచిపెట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. మర్నాడు నిచ్చెన ఎక్కి వైరు కోస్తూ మెయిన్ ఆపలేదని గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అసూయ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అదీ, అని చెబుతాను.

ఇలా ఉండగా ఆఖరి భాగం వచ్చింది. లండన్ చెల్లెలు ఆ ఒక్కటి మాత్రం అక్కకు ఫోనులో చెప్పనందట, నీ కళ్ళతో చూడు అందట. అంటే భాయ్‌కు కూడా తెలియదు. బుధవారం సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని క్యాసెట్ పెట్టాను. మొదటిసారి ఆ కథ నా ఒక్కడిదైంది.

మిల్లుకు నిప్పంటుకుంటుంది. మేనేజరే పెట్టించాడు. పై అంతస్తులో ఆడకూలీలు ఇరుక్కుపోతారు. పెద్దక్క లోపలికి పరుగెత్తి ఒక్కొక్కరినే బయటికి పంపుతుంది. చివరిదాన్ని పంపాక కప్పు కూలుతుంది. చిన్నక్క బయట బురదలో మోకాళ్ళ మీద పడుతుంది. తెల్లవారి మసిలో పెద్దక్క తాళంచెవుల గుత్తి దొరుకుతుంది. అక్కడితో సరి. నేను ఆ చిన్న గదిలో టేపు తిరిగి చుట్టడం కూడా మరిచి కూర్చున్నాను.

గురువారం పొద్దున మళ్ళీ వేసే వేళకు మూల విల్లా మేడమ్ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఈ పూట అగ్గి దాకా వేయొద్దు, పెద్దక్క మిల్లు గేటు దగ్గర నవ్వుతుందే, అక్కడ ఆపెయ్ అని చేతులతో చెప్పింది. మేడమ్‌లందరూ అదే అనుకున్నారట. సరే, ఆపాను. ఆ మధ్యాహ్నం వాళ్ళు భాయ్ వ్యానులో బజారుకు పోయారు. దారంతా ఆ ముగింపు రాసినవాణ్ణి తిట్టి, పెద్దక్క బతికి బయటికొస్తే తరువాత ఏం జరగాలో తలా ఒకటి కలిపి చెప్పుకున్నారు. ముందు సీట్లో భాయ్ ఎప్పటిలాగే విన్నాడు. వాళ్ళు చూసిందేదో, కోరుకున్నదేదో అతనికి వచ్చిన ఇంగ్లీషుతో తేడా తెలియలేదు. ఇన్నాళ్ళూ వ్యానులో విన్నది అక్షరం పొల్లుపోలేదు, ఇది మాత్రం ఎందుకు పోతుంది?

శుక్రవారం క్యాంపంతా ఆ గదిలోనే. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. భాయ్ నిప్పు పెట్టించాడు, పొగ లేపాడు, పెద్దక్కను లోపలికి పంపాడు. ఆ తరువాత పెద్దక్కను బయటికి నడిపించుకొచ్చాడు. ఒళ్ళంతా మసి, చంకలో ఒక కూలీదాని పిల్ల. అక్కచెల్లెళ్ళు కావలించుకున్నారు. మేనేజరును కట్టేశారు. పనివాళ్ళ ఇళ్ళకు కొత్త కప్పులు వేయించింది. ఎవరెవరు ఎప్పుడు ఊరికి పోతానంటే అప్పుడు పొమ్మంది. ఆ చివరిది భాయ్ తానే కలిపాడో, మేడమ్‌లు అన్న ఏ మాటను అలా అర్థం చేసుకున్నాడో నాకు తెలియదు. సిరిసిల్ల పెద్దమనిషి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో అప్పటికే సేమియా పాయసం వండి పెట్టారు.

నాకు లోపల ఎంత సంతోషం పుట్టిందో చెప్పలేను. దొరికాడు. ఇన్నాళ్ళకు దొరికాడు. గిన్నెలు పంచుతుండగా లోపలికి నడిచి, అది కాదు కథ, పెద్దక్క చచ్చిపోయింది అని చెప్పాను. కప్పు కూలడం, మసిలో తాళంచెవులు, అన్నీ చెప్పాను. గబగబా చెప్పాను, నా అలవాటు ప్రకారం.

సిరిసిల్ల పెద్దమనిషి గిన్నె కింద పెట్టి నా వైపు చూశాడు.

"నీ కథ ఇంటలేమని పెద్దక్కను సంపుకుంటివి గాదురా. గీ ఒక్క మంచి కఫీల్‌ను గూడ బత్కనియ్యవా?"

నేను రెండు కళ్ళతో చూశానన్నాను. ఒట్టు పెట్టుకున్నాను. ఎవడు నమ్ముతాడు? నా కుళ్ళు క్యాంపులో అందరికీ తెలిసినదే. నేను దాచుకున్నాననుకున్నాను, అంతే. అప్పుడు భాయ్ లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్న కండ్లారా సూసినోడు. నేను ఇన్నోన్నే గదా. అన్న చెప్పిందే నిజం గావచ్చు."

నా పక్షాన మాట్లాడింది అతనొక్కడే. దానికి మనుషులు అతన్ని ఇంకా మెచ్చుకున్నారు, ఎంత పెద్ద మనసు అని. అతను ఓడిపోయినా గొప్పవాడే, నేను గెలిచినా దొంగనే. ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ దాన్ని కొరకాలనిపించింది.

ఆ వారంలోనే నేను ఒక క్యాసెట్ నింపాను. నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని పెద్దక్క చావు చెప్పాను. ఈసారి నిమ్మళంగా చెప్పాను, ఆమె అడిగింది కదా. చుట్టీ మీద పోయేవాడు దాన్ని సంచిలో వేసుకున్నాడు. అదే సంచిలో భాయ్ క్యాసెట్ కూడా ఉంది, మా పక్కింటికి. ఒక క్యాసెట్‌లో పెద్దక్క చచ్చింది, ఇంకోదాంట్లో బతికింది, రెండూ ఒకే సంచిలో మా వీధికి పోయాయి.

తరువాత వచ్చిన మా ఆవిడ క్యాసెట్‌లో వానల సంగతి ఉంది, వడ్ల సంగతి ఉంది. పెద్దక్క సంగతి లేదు. నా కథ అందిందా అని నేను మళ్ళీ అడిగించాను. అందింది అని జవాబు వచ్చింది. అందింది అంటే ఏమనుకోవాలి? విన్నదా? విని, సిరిసిల్లాయన అనుకున్నట్టే అనుకుందా? క్యాంపులో ఎవరు నన్ను అబద్ధాలకోరన్నా పళ్ళు కొరుక్కుని పడి ఉన్నాను. ఆమె కూడా అలా అనుకుంటే నేను సంపాదించి ఎవరికి పంపుతున్నట్టు? చుట్టీ దొరికేదాకా ఆ ఒక్క ప్రశ్న నన్ను తిననీయలేదు, పడుకోనీయలేదు. నోరు తెరిచి అడగడానికి మాత్రం భయం.

ఊరికి వెళ్ళాక కూడా అడగలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం వీధి ఆడవాళ్ళు చాటలు పట్టుకుని వచ్చి వాకిట్లో కూర్చున్నారు. మాటల్లో తెలిసింది, వాళ్ళకు తెలిసిన పెద్దక్క బతికే ఉంది. పక్కింటి క్యాసెట్ తెచ్చుకుని ఎన్నిసార్లు విన్నారో. నా క్యాసెట్ ఒకటి వచ్చిందన్న సంగతే వాళ్ళకు తెలియదు. మా ఆవిడ దాన్ని బయటికే తీయలేదు. అతని గొంతుకు వాకిలి, నా గొంతుకు పెట్టె అడుగు.

ఎలాగూ వచ్చావు కదా, పెద్దక్క ఆఖరి కథ నీ నోట చెప్పు అని ఆడవాళ్ళు అడిగారు. చెబుతాను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను అనుకున్నాను. నా వాకిట్లో నన్ను కాదనేవాళ్ళెవరు? మా ఆవిడ తల వంచుకుని ఆకు కత్తిరిస్తోంది. నేను నోరు తెరిచేలోగా మా వీధి చివరి ముసలామె చేతిలో బీడీకి దారం చుడుతూ తనలో తాను అనుకున్నట్టుగా అంది.

"మా పోరడు హుఫూఫ్‌ల ఖర్జూర తోటల ఉన్నడు. వానికి గూడ గసొంటి పెద్దక్క దొర్కితె బాగుండు కొడుకా."

నేను ఆమె కొడుకు పని చేసే తోట గురించి విని ఉన్నాను. ఆ కఫీల్ గురించీ విని ఉన్నాను. నోట్లోకి వచ్చిన చావు నోట్లోనే ఉండిపోయింది. మిల్లుకు నిప్పు పెట్టాను, పొగ లేపాను, పెద్దక్కను లోపలికి పంపాను. ఆ తరువాత మసితో, చంకలో పిల్లతో, బయటికి నడిపించుకొచ్చాను. కొత్త కప్పులు వేయించాను. ఊరికి పోతానన్నవాళ్ళను పొమ్మన్నాను. భాయ్ చెప్పిన మాటలే, అతను ఆగినచోటల్లా ఆగి చెప్పాను.

అయ్యాక ముసలామె నా వైపు జాలిగా చూసింది. "మంచిగనే జెప్పినవ్ గని, కడపాయిన చెప్పినట్టు లేదు బిడ్డా," అంది. మిగతావాళ్ళు కూడా తలలూపారు. సముద్రం దాటి వచ్చినా నన్ను వదలలేదు వాడు.

మా ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"మా ఆయినకు అబద్ధమాడుడు రాదత్తా. ఏం జేస్తం."

అందరూ నవ్వారు, మొగుణ్ణి ఆటపట్టిస్తోందనుకున్నారు. ఆమె నవ్వలేదు. నా క్యాసెట్ విన్నది. క్యాంపులో ఒక్కడూ నమ్మనిదాన్ని నమ్మింది. నమ్మింది కాబట్టే, కొడుకులూ మొగుళ్ళూ అక్కడ ఉన్న ఈ ఆడవాళ్ళ చెవిన పడకుండా పెట్టె అడుగున దాచింది. లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలనిపించింది. వీధంతా చూస్తుండగా కూర్చోలేకపోయాను.

ముసలామె చాట సర్దుకుని, కడపాయన క్యాసెట్ ఇంకొకసారి పెట్టమంది. మా ఆవిడ లేచి పెట్టింది. నేనూ గడప మీద కూర్చుని విన్నాను. బాగానే చెప్పాడు, దుర్మార్గుడు.